పిట్యూటరీ పక్కన నీటితిత్తి: నా కొలతల పుస్తకంలో రాసుకున్నవి

సూదిలో దారం ఎక్కించలేకపోవడంతో బయటపడింది నా జబ్బు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పక్కన నీటితిత్తి. తెనాలిలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కరెంటు పోయినా చేతి అలవాటు మీద దారం ఎక్కించేదాన్ని. అలాంటిది ఒక శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం జాకెట్లు గుట్టగా పడి ఉన్నప్పుడు, హుక్కులు కుడదామని సూది పట్టుకుంటే బెజ్జం కనిపిస్తోంది, దారం కొస కనిపిస్తోంది, రెండూ మాత్రం కలవడం లేదు. దారం సూదికి ముందు నుంచో వెనక నుంచో పోతోంది. నలభై దాటింది కదా, చత్వారం అనుకున్నాను. కళ్ళద్దాల షాపులో అద్దాలు మార్చారు. నాలుగు నెలలకి మళ్ళీ మార్చారు. తేడా లేదు. కుడిచేతి పక్కనే కత్తెర పెట్టుకుని "కత్తెర ఎక్కడ పెట్టావే" అని పనిపిల్ల మీద అరిచేదాన్ని. ఒకరోజు స్కూటీ మీద వెళ్తుంటే పక్క సందులోంచి వచ్చిన ఆటో తగిలేదాకా కనిపించలేదు.

ఆ ఏడాదిలోనే ఇంకా మూడు గొడవలు నడుస్తున్నాయి. కనుబొమల మధ్య, కళ్ళ వెనక నొక్కుతున్నట్టు తలనొప్పి వచ్చేది. దానికి ఒక డాక్టరుగారు మైగ్రేన్ మాత్రలు రాశారు. ఒకసారి నొప్పి ఎక్కువైతే తలకి సీటీ తీసి "ఏమీ లేదు" అన్నారు. ఏడు నెలలుగా నెలసరి లేదు, "తొందరగా ఆగిపోతున్నట్టుందమ్మా" అన్నారు. రెండు జాకెట్లు కత్తిరిస్తే మూడోదానికి చెయ్యి లేవని నీరసం, దానికి ఐరన్ మాత్రలు. ఇంకొకటి కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. నా చిన్నవాడికి పద్నాలుగేళ్లు. అయినా రొమ్ము నొక్కితే పాలలాంటి చుక్క వస్తోంది. సిగ్గేసింది.

నాలుగు గదుల్లో నలుగురికి నాలుగు ముక్కలు చెప్పాను. చివరికి మా ఆడపడుచు పోరు పడలేక గుంటూరులో ఒక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తూ, కొలతలు రాసే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి అన్నీ వరసగా రాసుకెళ్ళాను. ఆవిడ చదివి, కాగితం పక్కన పెట్టి, తన రెండు చేతులూ నాకు అటూ ఇటూ చాచి వేళ్ళు ఆడించారు. "నా ముక్కు వైపే చూడండి. వేళ్ళు కదులుతున్నాయా?" నాకు చేతులే కనిపించలేదు.

మీకు ఇందులో ఏ రెండు లక్షణాలు కలిసి ఉన్నా, మొదట చెయ్యాల్సింది ఆ కాగితమే. తలనొప్పి ఎప్పుడు మొదలైంది, నెలసరి ఆఖరిసారి ఏ తేదీన వచ్చింది, రాత్రి ఎన్నిసార్లు ఒంటికి లేస్తున్నారు, దాహం ఎలా ఉంది, వేసుకునే మాత్రలు ఏమేమిటి, అన్నీ ఒకేచోట రాయండి. మగవాళ్ళయితే కోరిక తగ్గడం, గడ్డం పెరగడం మందగించడం కూడా రాయాలి. మగవాళ్ళు అవి అసలు చెప్పరు కాబట్టి వాళ్ళకి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంతకీ ఏమిటిది

పిట్యూటరీ అంటే శనగగింజంత గ్రంథి. బరువు అర గ్రాము. ముక్కుకి సూటిగా వెనక్కి వెళ్తే, మెదడు అడుగున ఎముకలో ఒక గుంట ఉంటుంది, పొంగడాల పెనంలో గుంటలాగా. అందులో కూర్చుని ఉంటుంది. థైరాయిడ్‌కి, అడ్రినల్ గ్రంథులకి, అండాశయాలకి పని పురమాయించేది ఇదే. దానికి సరిగ్గా పైన రెండు కళ్ళ నరాలూ ఒకదాన్నొకటి దాటి వెళ్తాయి.

తల్లి కడుపులో నాలుగో వారంలో బిడ్డ నోటి పైకప్పు నుంచి ఒక చిన్న సంచిలాంటిది పైకి పెరుగుతుంది. పిట్యూటరీ ముందు భాగం దాన్నుంచే తయారవుతుంది. తర్వాత ఆ సంచిలో ఖాళీ మూసుకుపోవాలి. కొందరిలో చిన్న చీలిక మిగిలిపోయి, అందులో జిగురు నీరు చేరి తిత్తి అవుతుంది. 1838లో మార్టిన్ రాత్కీ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ సంచిని వర్ణించాడు, అందుకే దీన్ని రాత్కీస్ క్లెఫ్ట్ సిస్ట్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు. మా వీధిలో "తలలో గడ్డంట" అని పాకిపోయింది కానీ, ఇది జాకెట్టు లోపల మడతలో ఎక్కువైపోయిన గుడ్డలాంటిది. ఇతర కారణాలతో చనిపోయినవాళ్ళ పిట్యూటరీలు పరీక్షించినప్పుడు పదిమందిలో ఒకరిద్దరిలో ఇలాంటి చిన్న తిత్తులు కనిపిస్తాయట. వాళ్ళలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

తిత్తి పెరిగి పైకి నొక్కితే రెండు కళ్ళకీ బయటివైపు చూపు పోతుంది. ముందుకి బాగానే కనిపిస్తుంది కాబట్టి అద్దాల షాపులో అక్షరాలన్నీ చదివేస్తాం. దారం ఎందుకు ఎక్కలేదో తర్వాత కళ్ళ డాక్టరుగారు చెప్పారు. బయటివైపు చూపు పోయినప్పుడు దగ్గరి వస్తువు మీద రెండు కళ్ళూ కలిస్తే, దాని వెనక ఉన్న కాస్త జాగా రెండు కళ్ళకీ చీకటైపోతుందట. సూది చూస్తే దారం మాయం, దారం చూస్తే సూది మాయం. గోళ్ళు కత్తిరించుకోవడం కూడా ఇలాగే కష్టమవుతుంది.

ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మత్తుగా అయిపోవడం జరిగితే మాత్రం కాగితాలు రాస్తూ కూర్చోవద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి.

పరీక్షల్లో నేను చేసిన తప్పులు

ప్రొలాక్టిన్ అనే హార్మోను పరీక్ష మొదట రాశారు. నాకు 62 వచ్చింది. పాలచుక్క రావడం, నెలసరి ఆగడం దానివల్లే. కానీ నేను రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటాను. అందులో డాంపెరిడోన్ కలిసి ఉంటే ఒక్క దానివల్లే ప్రొలాక్టిన్ పెరుగుతుందని నాకేం తెలుసు? అది ఆపించి మళ్ళీ చేయించారు. 58. అప్పుడు గానీ ఎంఆర్ఐ రాయలేదు. పాలచుక్క వస్తోందంటే మీ గ్యాస్ మాత్ర అట్ట ఒకసారి డాక్టరుకి చూపించండి.

పిట్యూటరీని మెదడుకి కలిపే కాడని తిత్తి నొక్కడం వల్ల పెరిగే ప్రొలాక్టిన్ సాధారణంగా వంద లోపే ఉంటుంది. ప్రొలాక్టిన్ తగ్గించే మాత్ర వేసుకుంటే రిపోర్టులో అంకె చక్కగా దిగుతుంది, తిత్తి మాత్రం అలాగే ఉంటుంది. అంకె దిగిందని ఎంఆర్ఐ వాయిదా వేసుకోకండి.

కార్టిసాల్ అంటే అడ్రినల్ గ్రంథుల హార్మోను. ఆ పరీక్షకి రక్తం ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్యే ఇవ్వాలి. నేను మొదటిసారి తెనాలి నుంచి బస్సు పట్టుకుని పదకొండింటికి చేరాను. మళ్ళీ రమ్మన్నారు. మోకాళ్ళ నొప్పులకి ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, పేరు తెలియని పొడులు వాడుతుంటే దాచకుండా చెప్పాలి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఈ అంకె మొత్తం తారుమారవుతుంది. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కూడా హార్మోను పరీక్షల్ని చెడగొడతాయి. ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి ఆపండి.

థైరాయిడ్ దగ్గర అందరూ ఒక పొరపాటు చేస్తారు. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి నార్మల్ అంటారు. టీఎస్‌హెచ్ తయారయ్యేదే పిట్యూటరీలో. అదే నీరసించినప్పుడు ఆ అంకెని నమ్మడానికి లేదు. థైరాయిడ్ సొంత హార్మోను ఫ్రీ టీ4 కూడా అడగండి. నాకు టీఎస్‌హెచ్ బాగుంది, ఫ్రీ టీ4 తక్కువ. నెలసరి సంగతిలో ఎఫ్ఎస్‌హెచ్ చూస్తారు, పిట్యూటరీ అండాశయాలకి పంపే హార్మోను అది. నిజంగా ముట్లుడిగితే అది బాగా పెరగాలి, నాకు తక్కువగా ఉంది. దాంతో వయసు కథ కాదని తేలిపోయింది.

కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తక్కువగా ఉంటే ముందు కార్టిసాల్ మాత్ర మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇస్తారు. తిరగేస్తే ప్రమాదం. హార్మోన్ల డాక్టరుగారు ఈ మాట నాచేత రెండుసార్లు పలికించారు.

ఎంఆర్ఐ అడిగేటప్పుడు మామూలు తల ఎంఆర్ఐ కాదు, పిట్యూటరీకి ప్రత్యేకంగా, మందు ఎక్కించి తీసేది అని చీటీలో ఉందో లేదో చూసుకోండి. మందు ఎక్కించే ముందు కిడ్నీల కోసం క్రియాటినిన్ చేస్తారు. లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదు. జాకెట్టు హుక్కులు, చీర పిన్నులు, నా నడుముకి ఎప్పుడూ ఉండే గుండుసూదుల దిండు, అన్నీ తీసేశాను. సూత్రాలు తీసి పసుపుతాడు కట్టుకున్నాను.

చూపు పరీక్షలో ఒక గిన్నెలాంటిదాన్లోకి తల పెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. నేను నొక్కింది తక్కువ. తర్వాత ప్రింటు తీసి ఇచ్చారు. రెండు కళ్ళ బొమ్మల్లోనూ బయటివైపు పై మూలలు నల్లగా ఉన్నాయి. పాత జాకెట్టుకి రెండు చంకల కిందా చెమట మరకలున్నట్టు. ఆ కాగితం చూశాక నాకు ఇంకెవరూ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది.

ఆపరేషన్ ఎవరికి

నా తిత్తి ఎత్తు 17 మిల్లీమీటర్లు, కళ్ళ నరాల్ని పైకి ఎత్తేసింది. అందుకే ఆపరేషన్. ఇంకేదో కారణానికి ఎంఆర్ఐ తీస్తే ఐదారు మిల్లీమీటర్ల తిత్తి కనబడి, చూపు, హార్మోన్లు బాగుంటే, దాన్ని ముట్టుకోరు. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ ఎంఆర్ఐ తీసి చూస్తారు. చాలావరకు అలాగే ఉండిపోతాయి, కొన్ని వాటంతటవే తగ్గుతాయి. అలాంటివాళ్ళు మా షాపుకొచ్చి ఏడిస్తే నేను టీ తెప్పించి పంపేస్తాను. ఉత్త తలనొప్పికే ఆపరేషన్ అంటే మాత్రం ఇంకో డాక్టరుకి కూడా చూపించుకోండి. తిత్తి ఉన్నా తలనొప్పి దానివల్లే రావాలని లేదు.

సర్జన్‌ని నేను మూడు ప్రశ్నలు అడిగాను. ముక్కులోంచి చేసే పిట్యూటరీ ఆపరేషన్లు మీరు తరచూ చేస్తారా? హార్మోన్ల డాక్టరు ఇదే ఆసుపత్రిలో ఉంటారా? అర్ధరాత్రి రక్తంలో సోడియం పరీక్ష చేసే ల్యాబు ఉందా? మూడో ప్రశ్నకి ఆయన నవ్వి, "ఇది ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. ప్రభుత్వ వైద్య పథకం కార్డు ఉన్నవాళ్ళు చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే మనిషిని కలిసి అనుమతి సంగతి తేల్చుకోవాలి. చేరాక పరుగెత్తితే మనవాళ్ళు కాగితాల చుట్టూ తిరుగుతారు, మన పక్కన ఎవరూ ఉండరు.

ఒక చిన్న పని ఎంఆర్ఐకి వారం ముందే చేయండి, ఆపరేషన్‌కీ అది కావాలి. ముక్కుపుడక తీయించుకోండి. నాది పెళ్ళినాటిది, ఎంఆర్ఐ ముందురోజు ఎంత తిప్పినా రాలేదు. కంసాలిని పిలిపించి కట్ చేయించాల్సి వచ్చింది.

ఆపరేషన్లో తల కోయరు, జుట్టు తీయరు. ఈఎన్‌టీ సర్జన్, న్యూరో సర్జన్ ఇద్దరూ కలిసి ముక్కు రంధ్రంలోంచి కెమెరా గొట్టం పంపి, ముక్కు వెనక ఉండే గాలి గదిలోంచి ఆ గుంట అడుగు ఎముకని కాస్త తొలిచి, పొర చీల్చి, తిత్తిని ఖాళీ చేస్తారు. నాకు తెల్లగా, చిక్కటి గంజిలా వచ్చిందట. తిత్తి గోడలో చిన్న ముక్క బయాప్సీకి పంపుతారు. గోడ మొత్తం పీకేయమని మా ఆయన అడిగితే డాక్టరుగారు ఒప్పుకోలేదు. గోడ గ్రంథికి అతుక్కుని ఉంటుంది, పట్టుబట్టి తీస్తే మిగిలిన హార్మోన్లు కూడా పోయి జన్మంతా మందుల మీద ఉండాలి, కాస్త వదిలితే మళ్ళీ నిండే అవకాశం కొంత ఉంటుంది అన్నారు. పాత అంచు ఊడదీసేటప్పుడు దారం తెగాలి గానీ గుడ్డ చిరగకూడదు. నాకు అర్థమైంది, మా ఆయనకి నేను అర్థమయ్యేలా చెప్పాను.

మెదడు చుట్టూ ఉండే నీరు కారకుండా, బొడ్డు పక్కన చిన్న గాటు పెట్టి కొవ్వు తీసి లోపల అతికారు. తెల్లారి కళ్ళు తెరిచేసరికి నోటితో గాలి పీలుస్తున్నాను, పై పళ్ళు మొద్దుబారి ఉన్నాయి. కుడిపక్కన సెలైన్ స్టాండు ఉంది. తల తిప్పలేదు. స్టాండు కనిపించింది.

అసలు పని ఆ తర్వాతే

ఆపరేషన్ రోజు మనం నిద్రపోతాం, కష్టమంతా వాళ్ళది. తర్వాతి రెండు వారాలు మనవి. కొలతల పుస్తకం మళ్ళీ తీశాను. ఎడమ పేజీలో తాగినవి, కుడి పేజీలో పోసినవి, మిల్లీలీటర్లలో.

మొదటి రెండు రోజులు నీళ్ళు పట్టి ఉంచే హార్మోను తగ్గి, మూత్రం ధారగా పోవచ్చు. నాకు మొదటి రాత్రి గంటకి 300 చొప్పున మూడు గంటలు పోయింది. నీళ్ళలా తెల్లగా, దాహం ఆగదు. నర్సమ్మ పుస్తకం చూసి వెంటనే సోడియం చేయించింది. ఆ హార్మోనుకి బదులుగా ఇచ్చే డెస్మోప్రెసిన్ మందు రెండు మోతాదులతో సర్దుకుంది. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. ఈ రెండు అంకెలు మీ ఇంట్లో అందరికీ నోటికి రావాలి.

ఐదో రోజు ఇంటికి పంపారు. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. మా వాళ్ళంతా "ఆపరేషన్ వేడి చేసి ఉంటుంది, నీళ్ళు తాగు" అని కొబ్బరినీళ్ళు, మజ్జిగ, సబ్జా, గంటకో గ్లాసు. ఎనిమిదో రోజు పొద్దున వికారం, తలనొప్పి. టేపు చేతిలో పట్టుకుని ఎందుకు పట్టుకున్నానో గుర్తు రాలేదు. మా అబ్బాయి కొలతల పుస్తకం తిరగేసి, "అమ్మా, తాగింది నాలుగు లీటర్లు, పోసింది ఒకటిన్నర" అన్నాడు. కారులో తీసుకెళ్తే సోడియం 124. డాక్టరుగారు మొదట అడిగింది కార్టిసాల్ కోసం ఇచ్చిన స్టెరాయిడ్ మాత్ర మానేశావా అని. మానలేదు. ఆపరేషన్ తర్వాత వారం ప్రాంతంలో నీళ్ళు పట్టి ఉంచే ఆ హార్మోను ఒక్కసారిగా ఎక్కువై నీరంతా ఒంట్లోనే ఉండిపోవడం మామూలేనట. దాని మీద మేం నాలుగు లీటర్లు పోశాం. మూడు రోజులు రోజుకి లీటరు నీళ్ళ మీద ఉంచి, సోడియం మెల్లగా పెంచారు. గబగబా పెంచితే మెదడుకి హాని. అందుకని ఇంట్లో ఉప్పు నీళ్ళు తాగించే వైద్యం వద్దు.

డిశ్చార్జి చీటీలో ఉన్నా లేకపోయినా, ఏడో రోజు ప్రాంతంలో సోడియం పరీక్ష ఎప్పుడని అడిగి తేదీ వేయించుకోండి. బాగున్నా చేయించండి. నీళ్ళు దాహం వేసినంతే.

ముక్కు సంగతి. ఆరు వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపకుండా నోరు తెరిచి తుమ్మాలి. స్ట్రాతో తాగకూడదు, నాలుగైదు కేజీలకి మించి ఎత్తకూడదు, ముందుకి వంగకూడదు. వంగకూడదంటే ముగ్గు వెయ్యకూడదు, పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టకూడదు, కటింగ్ బల్ల మీదికి వాలకూడదు. మలబద్ధకం రాకుండా మందు అడగండి, ముక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పోపు ఘాటుకి తుమ్ములొస్తాయి కాబట్టి వంటింట్లోకి నేను పోలేదు. ఇది మాత్రం హాయిగానే ఉంది. వాసన రెండు నెలలు తెలియలేదు, తర్వాత తిరిగొచ్చింది. ముక్కు కడుక్కునే ఉప్పునీటి స్ప్రే వాళ్ళు చెప్పిన రోజు నుంచే వాడాలి.

తల వంచినప్పుడు ముక్కులోంచి గానీ గొంతులోకి గానీ ఉప్పగా, పల్చటి నీరు చుక్కలుగా జారితే మెదడు నీరు కారుతోందేమోనని అనుమానించాలి. జలుబు చీమిడి ఆరితే గుడ్డ గంజి పెట్టినట్టు బిగుస్తుంది, ఈ నీరు ఆరితే గుడ్డ మెత్తగానే ఉంటుంది. అయితే గుడ్డ ఆరేదాకా చూస్తూ కూర్చోకండి, ఫోన్ చేసి వెళ్ళిపోండి. జ్వరం, మెడ బిగుసుకోవడం కలిస్తే ఇంకా తొందరగా వెళ్ళాలి.

కార్టిసాల్ తక్కువ ఉన్నవాళ్ళకి హైడ్రోకార్టిసోన్ మాత్ర అన్నం లాంటిది, ఒక్కపూట కూడా మానకూడదు. జ్వరం వస్తే డాక్టరు చెప్పిన ప్రకారం రెట్టింపో మూడింతలో వేసుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ తప్పదు. ఈ విషయం రాసిన కార్డు నా పర్సులో, మా ఆయన జేబులో, మిషన్ సొరుగులో ఉంది. నాకు పద్నాలుగు నెలలకి కార్టిసాల్ తేరుకుని మాత్ర ఆపారు. థైరాయిడ్ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. నెలసరి నాలుగో నెలలో వచ్చింది.

మూడు నెలలకి మొదటి ఎంఆర్ఐ, తర్వాత ఏడాదికోసారి. ఫిల్ముతోపాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. పక్కపక్కన పెట్టి పోల్చడానికి డాక్టర్లు చూసేది దాన్నే. బయాప్సీ రిపోర్టు లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. పోయినసారి ఎంఆర్ఐలో నాలుగు మిల్లీమీటర్లు ఏదో ఉందన్నారు. చూపు బాగుంది, చూద్దాం అన్నారు. మళ్ళీ జనవరిలో రమ్మంటే, సంక్రాంతి జాకెట్లు అయ్యాక వస్తానని ఇరవయ్యో తేదీ వేయించుకున్నాను.